ఎనిమిదికో సీసా

"ఇంటర్వ్యూలో అడిగే నాలుగు ప్రశ్నలు చెబితే నీ నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

అక్క వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. పొయ్యి వెలిగించలేదు. ఆరింటికి మొదలైన గొడవ ఏడున్నరైనా ఒక కొలిక్కి రాలేదు.

చిట్టి బ్యాగులో కాగితాలు సర్దుకుంటూ తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "చెప్పకూడదక్కా. అది దొంగతనం కిందే లెక్క."

"దొంగతనమా! సొంత బావకి రెండు మాటలు చెప్పడం దొంగతనమా? పదోక్లాసులో లెక్కలు తప్పితే ఏడాది పొడుగునా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించింది ఎవరే? నీ మొదటి ఉద్యోగానికి వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది ఎవరు?"

"తీసుకెళ్ళి గేటు దగ్గర దింపి తన పనికి వెళ్ళిపోయారు. లోపల ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. నేనే పరీక్ష రాసుకున్నాను."

"అదొక్కటే గుర్తుంది నీకు!"

స్నానాల గదిలో కుళాయి చప్పుడు ఆగిపోయింది. బావ లోపల గడ్డం గీసుకుంటున్నాడు. ఆ ఇంట్లో ఒక గదిలో గొంతు సవరించుకుంటే ఇంకో గదిలో వినపడుతుంది. ఆయన వింటున్నాడని ఇద్దరికీ తెలిసింది. అక్క గొంతు తగ్గించింది గానీ పట్టు తగ్గించలేదు.

"నీకు తెలీదే. ఆరు చోట్లకి వెళ్ళొచ్చారు. ఆరు చోట్లా 'మీ అనుభవం చాలా గొప్పది సార్' అని కాఫీ ఇచ్చి పంపేశారు. యాభై నాలుగేళ్ళ మనిషి. ఇది కూడా పోతే ఇంకెవరూ పిలవరు. పొద్దున్నే లేచి, స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేక కిటికీ దగ్గర కూర్చుంటారు. నువ్వు ఆఫీసుకి పోతావు, చూడవు. చూసేదాన్ని నేను."

బావ పనిచేసిన ఫ్యాక్టరీ మూతపడి ఆర్నెల్లయింది. నాలుగు నెలల క్రితం అద్దె ఇల్లు ఖాళీ చేసి ఇద్దరూ చిట్టి ఇంటికి వచ్చేశారు. రెండు గదుల ఇల్లు. ఒంటరిగా ఉండడానికి అలవాటుపడ్డ నలభై రెండేళ్ళ మనిషికి అది ఇరుకే, కానీ ఆ మాట నోటివెంట రానిచ్చే పిల్ల కాదు. వాళ్ళిద్దరూ పెంచిన పిల్ల.

"అక్కా, మా ఫ్యాక్టరీ పెద్దమ్మగారికి ఆయన మా బావ అని ముందే చెప్పేశాను. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగొద్దన్నారు. మార్కులు మాత్రం వెయ్యమన్నారు. ఆవిడ నన్ను నమ్మి కూర్చోబెట్టింది."

"అంటే ఆవిడ నమ్మకం ముఖ్యం. మేము కాదు."

"అలా ఎందుకు తిప్పుతావు?"

"ఇంక నేను తిప్పను, మాట్లాడను. నీతో నాకు మాటల్లేవు."

అక్క మూతి ముడుచుకుని గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు విసురుగా వెయ్యలేదు. నెమ్మదిగా, జాగ్రత్తగా వేసుకుంది. చిట్టికి అదే ఎక్కువ బాధగా అనిపించింది.

బావ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. చెంప మీద చిన్న గాటు పడింది.

"మీ అక్క మాటలు పట్టించుకోకు. పొద్దున్నే ఏమీ తినకుండా ఉంటే దానికి నోరు ఊరుకోదు."

"బావా, నాతోపాటు రండి. ఎలాగూ పదింటికేగా."

"వద్దమ్మా. ఇద్దరం ఒకే ఆటోలో దిగితే చూసేవాళ్ళకి బాగోదు. నేను బస్సులో వస్తాను." ఒక క్షణం ఆగి అన్నాడు. "నువ్వు ప్రశ్నలు చెబుతానన్నా నేను వినేవాణ్ణి కాదు. అది నీకు తెలుసుగా?"

"తెలుసు."

"చాలు. వెళ్ళిరా."

* * *

చిట్టి పనిచేసేది దగ్గు మందు సిరప్ తయారుచేసే ఫ్యాక్టరీలో. అక్కడ అందరికీ ఆవిడ ప్లానింగ్ మేడమ్. నెలకి ఎన్ని సీసాల మందు అమ్ముడవుతుందో చూసి, దానికి ఎన్ని సీసాలు, ఎన్ని మూతలు, ఎన్ని లేబుళ్ళు కావాలో రాసివ్వడం ఆవిడ పని. రాసిచ్చినవాటిని వేళకి తెప్పించి, తయారైన సరుకుని వేళకి బయటికి పంపించేవాడు సప్లై చైన్ మేనేజర్. ఆ కుర్చీ అయిదు నెలలుగా ఖాళీ.

ఎందుకు ఖాళీ అయిందంటే, ఒక నెలలో మూతలు లేక ఫ్యాక్టరీ తొమ్మిది రోజులు ఆగిపోయింది. సీసాలు ఉన్నాయి, మందు ఉంది, మూత లేదు. ఆస్పత్రులకి సరుకు అందక అందరూ దుమ్మెత్తిపోశారు. తప్పెవరిదో తేల్చమంటే నివేదిక రాసింది చిట్టే. మూతలు పంపే కంపెనీ ఒక్కటే కావడం, దాన్ని మేనేజరు అదుపులో పెట్టుకోలేకపోవడం కారణమని రాసింది. మేనేజరు తన సామాను ఒక అట్టపెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయాడు. 'లారీ దించడానికి చోటే లేదు మేడమ్' అని ఆఖరి రోజు దాకా అంటూనే ఉన్నాడు. దొరికిపోయినవాడు సాకులు చెబుతున్నాడని ఎవరూ చెవిన పెట్టలేదు.

ఇప్పుడు ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళకి ఇచ్చే ప్రశ్న కూడా అదే. ఆ ఏడాది నెలవారీ అమ్మకాలు, తెప్పించిన సీసాలు, తెప్పించిన మూతలు ఒక కాగితం మీద వేసి, 'ఫ్యాక్టరీ ఎందుకు ఆగింది, మీరైతే ఏం చేసేవారు?' అని అడగాలి. కాగితం తయారుచేసింది చిట్టి. 'మూతలకి రెండో సప్లయర్‌ని పెట్టుకోవాలి' అని జవాబు రాసుకున్నదీ చిట్టే.

మేడ మీద గదిలో మూడు కుర్చీలు వేశారు. నడుమ కుర్చీలో పెద్దమ్మగారు, ఫ్యాక్టరీ యజమాని. డెబ్భై దాటినా చెవులు పాము చెవులు. ఎడమ పక్క లెక్కల ఆఫీసరు. ఏ కాగితం పెట్టినా ఎర్ర కలంతో సగం కొట్టేస్తాడు గనక ఆయన్ని కోత మాస్టారు అంటారు. కుడి పక్క చిట్టి.

పెద్దమ్మగారిది ఒక పద్ధతి. ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా మార్కులు వేసి, కవర్లో పెట్టి, అంటించి ఇవ్వాలి. మాట్లాడుకోవడం కవర్లు విప్పాకే. "ముందు మాట్లాడుకుంటే గట్టిగా మాట్లాడినవాడి మార్కులే అందరి మార్కులూ అవుతాయి" అంటుంది ఆవిడ.

మొదట వచ్చినాయన టై కట్టుకుని వచ్చాడు. కాగితం వంక పైపైన చూసి పక్కన పెట్టాడు.

"ముందుగా ఎండ్ టు ఎండ్ విజిబిలిటీ తీసుకొస్తానండీ."

"తీసుకురండి నాయనా" అంది పెద్దమ్మగారు. "మూతలు ఎప్పుడు తెస్తారు?"

టై పెద్దమనిషి ఇంకో పావుగంట మాట్లాడాడు. చివర్లో రెండో సప్లయర్ మాట కూడా అన్నాడు. కోత మాస్టారు ఆవులింత ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

రెండో అభ్యర్థి ఒక ఆడమనిషి. ఎనిమిదేళ్ళుగా ఒక కోల్డ్ స్టోరేజీలో సరుకు రాకపోకలు చూస్తోంది. కాగితం రెండుసార్లు చదివి అడిగింది. "గోడౌన్ చూడొచ్చాండీ?"

ఇంటర్వ్యూలో అలా అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. పెద్దమ్మగారు తల ఊపింది. కోల్డ్ స్టోరేజీ ఆవిడ కిందికి వెళ్ళి ఇరవై నిమిషాల తర్వాత మోచేతులకి దుమ్ముతో తిరిగొచ్చింది.

"మూతల లారీ వేళకే వచ్చిందండీ. గేటు రిజిస్టరులో ఉంది. నాలుగు రోజులు బయట నిలబడి వెనక్కి వెళ్ళిపోయింది."

"ఎందుకని?"

"దించడానికి చోటు లేక. లోపల ఖాళీ సీసాలు పైకప్పు దాకా ఉన్నాయి. మీవాళ్ళు ఎవరో కావలసినదానికన్నా ఎక్కువ తెప్పిస్తున్నారు. అది ఎవరు, ఎందుకు అని ఇప్పుడు చెప్పలేను. వారం రోజులిస్తే చెబుతాను."

చిట్టికి చిర్రెత్తింది. సీసాలు నాలుగు ఎక్కువుంటే ఎవరికి నష్టం? కొంచెం ఎక్కువ తెప్పించుకోవడం ఎక్కడైనా ఉన్నదే. వచ్చిన గంటలోనే తప్పులు పట్టే మనిషి రేపు ఎలా కలిసి పనిచేస్తుంది? అయినా మాట్లాడే వంతు తనది కాదని ఊరుకుంది. పెద్దమ్మగారు మాత్రం ముందున్న కాగితం మీద ఏదో రాసుకుంది.

మూడోవాడు బావ.

నీలం చొక్కా వేసుకున్నాడు. రెండుసార్లు ఇస్త్రీ చేసుకుని ఉంటాడు, మడతలు కత్తుల్లా ఉన్నాయి. కుర్చీలో కూర్చునేముందు ముగ్గురికీ ఒకే రకంగా నమస్కారం పెట్టాడు. మరదలికి కూడా.

"ఈ అమ్మాయి మీకు మరదలని నాకు తెలుసు" అంది పెద్దమ్మగారు. "అందుకని తను మిమ్మల్ని ఏమీ అడగదు."

"మంచిదండీ."

కాగితం తీసుకుని పెన్సిల్ అడిగాడు. ఆ చేతిని చిట్టి ఎరుగును. ఏ లెక్కయినా ముందు వేలితో పైనుంచి కిందికి ఒకసారి పోనిచ్చి, ఆ తర్వాతే పెన్సిల్ పెడతాడు. వేలు కిందికి పోయింది. ఒక వరస దగ్గర ఆగింది. పెన్సిల్ కదిలింది.

అమ్మకం నలభై వేలు. తెప్పించిన సీసాలు నలభై అయిదు వేలు.

ఆయన ఒక భాగాహారం వేశాడు. కింది వరసకి వెళ్ళాడు. ముప్పై రెండు వేలు, ముప్పై ఆరు వేలు. ఇంకో భాగాహారం. మూడో వరస. నలభై ఎనిమిది వేలు, యాభై నాలుగు వేలు. పెన్సిల్ ఆగిపోయింది.

బావ తలెత్తి చిట్టి వంక చూశాడు.

కోపంగా కాదు. ఇంటికి తాళం వెయ్యకుండా వచ్చేశానని బస్సెక్కాక గుర్తొచ్చిన మనిషి మొహంలా ఉంది ఆ మొహం. చిట్టికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. బావ పనిచేసే పళ్ళరసాల ఫ్యాక్టరీలోనే చిట్టి మొదటి ఉద్యోగం. అక్కడ సీసాలు గాజువి. గతుకుల రోడ్డు మీద లారీలో వచ్చేసరికి సగటున ఎనిమిది బాగా చేరితే ఒకటి పగిలిపోయేది. 'ఎంత కావాలో అంత రాయకూడదు చిట్టీ. ఎనిమిదో వంతు కలిపి రాసుకో. నలభై వేలు కావాలంటే నలభై అయిదు. పగిలినవి పోగా నీకు కావలసినవి నీకుంటాయి' అని నేర్పాడు బావ. ఆ రోజు నుంచి చిట్టి అలాగే రాసింది. ఆ ఫ్యాక్టరీ వదిలి, రెండున్నరేళ్ళ క్రితం ఇక్కడ చేరిన మొదటి నెలా అలాగే రాసింది. అన్నం తినేముందు చెయ్యి కడుక్కున్నంత మామూలుగా కలిపింది. కలుపుతున్నానని కూడా అనుకోలేదు.

ఇక్కడి సీసాలు ప్లాస్టిక్‌వి. మేడ మీంచి విసిరేసినా పగలవు.

నెలనెలా ఎనిమిదింటికి ఒకటి చొప్పున రెండున్నరేళ్ళు పేరుకున్నాయి. గోడౌను నిండింది. మూతల లారీకి చోటు లేకుండా పోయింది. ఆ మాట చెప్పిన మనిషి అట్టపెట్టె పట్టుకుని ఇంటికి పోయాడు. పోవడానికి కారణమైన కాగితం మీద సంతకం తనది.

"చెప్పండి" అంది పెద్దమ్మగారు. "ఎందుకు ఆగింది?"

బావ గొంతు సవరించుకున్నాడు. ఆయన చెప్పెయ్యాలనీ, చెప్పకూడదనీ చిట్టి రెండూ ఒకేసారి కోరుకుంది.

"మూతలకి ఒక్కడే సప్లయర్ ఉన్నాడండీ. రెండో ఆయన్ని కూడా పెట్టుకుని ఉంటే ఈ పరిస్థితి వచ్చేది కాదు."

కోత మాస్టారు సంతోషంగా తల ఊపి టిక్కు పెట్టుకున్నాడు. చిట్టి రాసుకున్న జవాబులోంచి ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఆ తర్వాత అడిగినవాటికి బావ తడుముకోకుండా చెప్పాడు. లారీవాళ్ళతో బేరం ఎలా ఆడాలి, వర్షాకాలం అట్టపెట్టెలు తడవకుండా ఏం చెయ్యాలి, సరుకు ఆలస్యమైతే ఆస్పత్రివాళ్ళకి ముందే ఎలా కబురు పెట్టాలి. ముప్పై ఏళ్ళ పని మాట్లాడుతోంది. వింటుంటే చిట్టికి కళ్ళు చెమర్చాయి.

లేచి వెళ్ళబోతుంటే పెద్దమ్మగారు అడిగింది. "ఇందాక పెన్సిల్‌తో ఏదో లెక్క వేశారు. ఏమిటది?"

"ఏం లేదండీ. చేతిలో పెన్సిలుంటే ఊరికే ఉండలేను."

* * *

మార్కులు వెయ్యడానికి అరగంట సమయం. కోత మాస్టారు తన గదికి వెళ్ళాడు. చిట్టి గోడౌనుకి వెళ్ళింది.

సీసాల సంచులు ఒకదాని మీద ఒకటి, ట్యూబులైటుకి తగిలేంత ఎత్తు దాకా ఉన్నాయి. రోజూ ఈ గుమ్మం ముందు నుంచే వెళుతుంది. ఎప్పుడూ చూడలేదు. కాదు, చూసింది, నిండుగా ఉందని సంతోషించింది కూడా.

"ఇక్కడుంటావనుకున్నాను."

బావ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎందుకు చెప్పలేదు బావా?"

"ఏం చెప్పను? ఆవిడ ముందు, ఆ మాస్టారి ముందు, మా మరదలు ఫ్యాక్టరీ ఆపేసిందని చెప్పనా? నేను ఉద్యోగం అడగడానికి వచ్చానమ్మా. నీ ఉద్యోగం తీసెయ్యడానికి కాదు."

"దీనివల్ల ఒకాయన పోయాడు. తప్పు లేకుండా పోయాడు."

బావ సీసాల సంచిని వేలితో నొక్కి చూశాడు. "ఆయన సంగతి నాకు తెలీదు. నువ్వు చెప్పలేదు."

"ఇప్పుడు చెబుతున్నాను."

"తప్పు నీది కాదే పిచ్చిదానా. నేర్పింది నేను. ఎందుకు కలపాలో చెప్పాను గానీ, ఎప్పుడు మానెయ్యాలో చెప్పలేదు." బావ నిట్టూర్చాడు. "విను. ఈ ఉద్యోగం నాకొచ్చిందనుకో. రేపటి నుంచి ఇద్దరం కూర్చుని నెమ్మదిగా తగ్గించుకుంటూ వద్దాం. ఆర్నెల్లలో గోడౌను ఖాళీ అవుతుంది. మూడో కంటికి తెలీదు."

"ఆ కోల్డ్ స్టోరేజీ ఆవిడ కనిపెట్టేసింది. వారంలో ఎవరో కూడా చెబుతానంది."

"ఉద్యోగం వస్తే కదా వారం."

ఆ మాట అన్నందుకు ఆయనే తల దించుకున్నాడు. చిట్టి తన బావ నోట అలాంటి మాట ఇంతవరకూ వినలేదు. ఆరు చోట్ల కాఫీ తాగి వచ్చిన మనిషి మాట అది.

"నేను అలిసిపోయాను చిట్టీ" అన్నాడు బావ. "అంతే. మరేం లేదు."

ఆయన మేడ మీద బెంచీ దగ్గరికి వెళ్ళిపోయాడు. చిట్టి ఫోను మోగింది. అక్క.

"బాగా చెప్పారటగా! ఇప్పుడే ఫోన్ చేశారు. గొంతులో ఎంత హుషారుందో! నువ్వు పక్కనున్నావని ధైర్యం వచ్చి ఉంటుంది."

"నేనేం మాట్లాడలేదక్కా."

"తెలుసులే. పొద్దున నోటికొచ్చినట్టు అనేశాను. మనసులో పెట్టుకోకే. నువ్వు కూడా ఏమీ తినకుండా వెళ్ళావు. ఇవాళ తొందరగా వచ్చెయ్యండి ఇద్దరూ. నీకిష్టమైనవన్నీ చేసిపెడతాను."

"సరే అక్కా."

"ఏమే, గొంతు అలా ఉందేం?"

"ఇక్కడ దుమ్ముగా ఉంది."

ఫోను పెట్టేసి చిట్టి అక్కడే ఒక సంచి మీద కూర్చుంది. ఎంత సుఖంగా ఉందో దారి! నోరు మెదపక్కర్లేదు. ఎవరికీ అబద్ధం కూడా చెప్పక్కర్లేదు. బావ బాగా చెప్పిన మాట నిజమే, పనిమంతుడన్న మాట నిజమే. ఎనభై మార్కులు వేసినా ఎవరూ వేలెత్తి చూపరు. అక్క మళ్ళీ మాట్లాడుతుంది. బావ పొద్దున్నే లేచి ఇస్త్రీ చొక్కా వేసుకుని నిజంగానే ఎక్కడికో వెళతాడు. పోయినాయన ఎలాగూ పోయాడు. ఈపాటికి ఇంకెక్కడో చేరే ఉంటాడు.

చేరకపోతే?

మార్కుల కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుంది. మూడు పేర్లు, పక్కన మూడు గళ్ళు. చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. తర్వాత కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టింది.

* * *

నాలుగింటికి పెద్దమ్మగారు కవర్లు విప్పింది.

కోత మాస్టారిది మొదట. టై పెద్దమనిషికి యాభై అయిదు. కోల్డ్ స్టోరేజీ ఆవిడకి డెబ్భై. బావకి ఎనభై రెండు.

"నువ్వు ఒకళ్ళకి ఎనభై దాటించావంటే పెన్ను పాడై ఉండాలి" అంది పెద్దమ్మగారు.

"మనిషి అలాంటివాడమ్మా. పని తెలిసినవాడు."

రెండోది ఆవిడదే. టై పెద్దమనిషికి యాభై. కోల్డ్ స్టోరేజీ ఆవిడకి డెబ్భై ఎనిమిది. బావకి డెబ్భై నాలుగు. రెండూ కలిపితే బావే ఎనిమిది మార్కులు ముందున్నాడు. కోత మాస్టారు చిట్టి వంక చూసి ముసిముసిగా నవ్వాడు. సొంత బావకి మరదలు తక్కువ వెయ్యదు కదా అని ఆయన ధీమా.

మూడో కవరు విప్పి పెద్దమ్మగారు కాగితం బయటికి తీసింది. ముందువైపు చూసింది, ఖాళీ. వెనక్కి తిప్పింది. కళ్ళజోడు సర్దుకుని చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఎంత వేసిందమ్మా?" అన్నాడు మాస్టారు.

"నువ్వు వెళ్ళి టీ తాగిరా."

"ఇందాకే తాగాను..."

"ఇంకోటి తాగు."

మాస్టారు లేచి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

"ఇందులో రాసింది నిజమేనా? ఎక్కువ సీసాలు తెప్పించింది నువ్వేనా?"

"నేనేనండీ. కావాలని కాదు. పాత అలవాటు. ఇక్కడి సీసాలు పగలవన్న ఆలోచనే రాలేదు."

"పాపం, ఆ మేనేజరు మొత్తుకున్నాడు. మనం ముగ్గురం ఇదే గదిలో కూర్చుని నవ్వాం."

"నేను రాసిన నివేదికే దానికి కారణమండీ. ఆయన్ని వెనక్కి పిలవండి. నన్ను ఏం చేసినా సరే."

"నిన్నేం చెయ్యాలో తర్వాత చూద్దాం." పెద్దమ్మగారు కాగితం మడత పెట్టలేదు. దాని మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. "రెండున్నరేళ్ళు నీకే తెలియని సంగతి ఇవాళ ఎలా తెలిసింది?"

ఈ ప్రశ్న వస్తుందని చిట్టి అనుకోలేదు. తన తప్పు తాను ఒప్పుకుంటే బరువు దిగిపోతుందనుకుంది. బావ మీదికి వెళుతుందని తట్టలేదు.

"మీ బావ మూడు భాగాహారాలు వేసి ఆగిపోయాడు. నీ వంక చూశాడు. నువ్వు తెల్లబోయావు. నా చెవులే కాదు, కళ్ళు కూడా ఇంకా పనిచేస్తున్నాయి. ఏమిటా లెక్క అని నేనడిగితే ఏం లేదన్నాడు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఒక్కటే అడుగుతాను. ఆ జవాబు చెప్పేటప్పటికి ఆయనకి అసలు కారణం తెలుసా, తెలీదా?"

తెలీదు అంటే చాలు. ఒక్క మాట. ఇంత నిజం చెప్పిన మనిషి ఒక చిన్న అబద్ధం చెబితే ఎవరూ అనుమానించరు. పదోక్లాసు లెక్కలు, గేటు దగ్గర దింపి వెళ్ళిపోయిన మనిషి, కిటికీ దగ్గర కుర్చీ, అన్నీ చిట్టిని ఆ ఒక్క మాటే అడిగాయి.

"తెలుసండీ" అంది.

"ఊఁ."

"నాకోసం దాచారు. ఆయన కోసం కాదు."

"ఎవరి కోసమైతేనేం? రేపు నా ఫ్యాక్టరీలో ఇంకేదో దాచాల్సి వస్తే?" పెద్దమ్మగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కూడా అలిసిపోయినట్టే కనపడింది. "ఆయన్ని లోపలికి పిలువు. నువ్వే వెళ్ళి పిలువు. ఈ మాట ఆయన నోటినుంచే వినాలి నేను."

చిట్టి లేచింది. తలుపు తీసింది.

కోత మాస్టారు టీకి వెళ్ళలేదు. బెంచీ దగ్గరే నిలబడి బావ చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. చిట్టిని చూసి పక్కకి తప్పుకున్నాడు. బావ లేచి నిలబడి, చొక్కా కిందికి లాక్కుని సరిచేసుకున్నాడు. నాలుగు నెలల్లో ఆ మొహం మీద అలాంటి నవ్వు చిట్టి చూడలేదు.

"మార్కుల సంగతి మాస్టారు చెప్పేశారమ్మా. మీ అక్కకి ఫోన్ చేసి చెప్పాను. ఏడుస్తోంది పిచ్చిది, సంతోషంతో" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "లోపలికి రమ్మన్నారా? ఎప్పుడు చేరాలో నేనే అడగనా, వాళ్ళే చెబుతారా?"